బాపును బాయికాడికి పోనియ్యాల్నా, మాన్పియ్యాల్నా? పొద్దుగాల షుగర్ పడిపోతున్నది

పర్కాల_బిడ్డ
మా బాపుకు 64. షుగర్ వచ్చి 11 ఏండ్లు. పర్కాల దిక్కు ఊరు, రెండెకరాల వరి, ఎకరంన్నర పత్తి. పొద్దు పొడవకముందే బాయికాడ ఉండాలె, నీళ్లు మలపాలె, ఒరాలు చెక్కాలె. లేకుంటే ఆయనకు తెల్లారినట్టే ఉండది. శనివారం రాత్రి గుళ్లె భజనకు డోలక్ ఆయనదే. మనిషి మస్తు హుషారు.

మూడు వారాల సంది పొద్దుగాల ఎనిమిది, ఎనిమిదిన్నర నడుమ చెమట్లు పట్టుడు, చేతులు వణుకుడు. రెండుసార్లయింది. రెండోసారి పార చేతులకెల్లి జారి ఒరం మీదనే కూలబడ్డడు. పక్క చెల్కాయన ఇంటికి తోలుకొచ్చినంక మిషిన్ల చూస్తే 58. భూమి కౌలుకిచ్చి బాపును హన్మకొండ తీసుకొద్దామని అన్న అంటున్నడు. బాపు ససేమిరా అంటున్నడు. నాకు కూడ ఆయన పని మాన్పియ్య మనసొప్పుతలేదు. పని సాగాలె, పాణానికి భయం ఉండొద్దు. ఎట్ల చెయ్యాలె? తెలిసినోళ్లు వివరంగ చెప్పుండ్రి.

మందులు: 30/70 ఇన్సులిన్ సూది పొద్దుగాల 18 యూనిట్లు, రాత్రి 10. మెట్‌ఫార్మిన్ 500 రెండు పూటల. నెల కింద హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 9.4 వచ్చిందని పొద్దటిది 12 నుంచి 18కి, రాత్రిది 6 నుంచి 10కి పెంచిన్రు.

గోలీసోడా
సూది ఎన్ని గంటలకు, బువ్వ ఎన్ని గంటలకు? ముందు ఈ రెండు టైములు రాయి చెల్లె, మిగతాది తర్వాత.

పర్కాల_బిడ్డ
సూది అయిదున్నరకు, అమ్మ ఇస్తది. చక్కెర లేని చాయ్ తాగి పోతడు. సద్ది తొమ్మిదింటికి పంపుతది.

సూది_అక్క
గదే. సూదికి, బువ్వకు నడుమ మూడున్నర గంటలున్నది.

ఆ పాల లెక్క తెల్లగ ఉండే 30/70 మందుల రెండు రకాలు కలిసి ఉంటయ్. 30 పాళ్లు తొందరగ పనిచేసేది. అరగంటకు మొదలైతది, రెండు నుంచి నాలుగు గంటల నడుమ జోరు మీదుంటది. 70 పాళ్లు నిదానంది, అది నాలుగు గంటలు దాటినంక అందుకొని సాయంత్రం దాకా లాగుతది. అయిదున్నరకు ఇచ్చిన సూది ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా జోరు మీదుంటది. సరిగ్గ అదే టైముల బాపు ఒరం చెక్కుతున్నడు, కడుపుల చాయ్ తప్ప ఏం లేదు. పనిచేసే కండ తన పాలు షుగర్ తను గుంజుకుంటది. రెండు దిక్కులకెల్లి గుంజుతుంటే లోపలికి వచ్చేది మాత్రం లేదు. పడిపోక ఏమైతది?

సద్దిని ముందటికి జరుపుండ్రి. అయిదున్నరకు సూది, ఆరింటికి కడుపునిండ బువ్వ, ఆరుంబావుకు బాయికాడికి. తొమ్మిదింటికి పంపే సద్దిని సగం చెయ్యండ్రి, అది నడుమ ఆకలికి సరిపోతది. 'పొద్దుగాల్నే బువ్వ పోదు' అంటే, తినే టైముకు అరగంట ముందు దాకా సూది వెయ్యొద్దు. బువ్వకు అరగంట ముందు సూది, ఈ లెక్క ఏ దినం తప్పొద్దు.

ఇంకో రెండు చూడండ్రి. సీసను రెండు అరచేతుల నడుమ కనీసం పదిసార్లు మెల్లగ దొర్లించి, తలకిందులు చేసి, అంతా ఒక్క తీరు తెల్లగైనంక గుంజాలె. ఊపొద్దు, నురుగొస్తది. దొర్లించకుంటే ఒకనాడు పైది, ఒకనాడు అడుగుది ఎక్కుతది, ఇయ్యాల ఒక తీరు, రేపు ఒక తీరు పనిచేస్తది. రెండోది, తొడకు ఇస్తున్నరా, పొట్టకా? పనికి పోయేముందు తొడకు ఇస్తే ఆ కాలు ఆడిన కొద్ది మందు తొందరగ ఎక్కుతది. పొట్టకు ఇయ్యండ్రి, బొడ్డుకు రెండు మూడు వేళ్లు ఎడంగ, దినం ఒక వేలు జరుపుకుంట.

70 కింద పడ్డదంటే డోసు మళ్ల చూడాల్సిందే. మీరే తగ్గియ్యొద్దు, మీరే ఆపొద్దు. రాసిన డాక్టర్‌కు ఇయ్యాల్నే ఫోన్ చేసి 58 సంగతి చెప్పండ్రి.

కాజీపేట_పెద్దన్న
ఇన్ని లెక్కలెందుకు? సూది మాన్పించి పొద్దుగాల ఒక గ్లాస్ కాకర రసం, నేరేడు గింజల పొడి ఒక చెంచా. మన పెద్దోళ్లంతా గట్లనే బతికిన్రు.

సూది_అక్క
పెద్దన్నా, కాకరకాయ కూర నిమ్మలంగ తినొచ్చు. సూది జాగాల మాత్రం అది నిలువది. 11 ఏండ్ల షుగర్, 9.4 ఉన్న మనిషికి సూది ఒక్కసారి ఆపితే వారం పది దినాలల్ల షుగర్ మూడొందలు దాటి, ఒళ్లు ఎండిపోయి దవాఖాన్ల పడే గండం ఉన్నది. సూది వేసుకుంటనే పరిగడుపున రసం గూడ తాగితే, ఇప్పుడు పడుతున్న షుగర్ ఇంకింత పడొచ్చు. ఈ మనిషికి రెండు తీర్లా నష్టమే.

కాజీపేట_పెద్దన్న
పరిగడుపున వద్దంటే సరే. కూరకు అడ్డం చెప్పకుండ్రి.

మందుల_కౌంటర్
ఒక ప్రశ్న, దీనికి జవాబు తప్పకుండా కావాలి. సిరంజి సూది మీద టోపీ ఏ రంగు? ఎరుపా, నారింజా?

మన దగ్గర సీసాలో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా 40 బలం, అంటే ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు. దానికి ఎర్ర టోపీ సిరంజి, మీద 'యు-40' అని ఉంటుంది. నారింజ టోపీది 100 బలానికి. 40 సీసాలోంచి నారింజ సిరంజితో 20 గీత దాకా గుంజితే లోపలికి వెళ్లేది 8 యూనిట్లే. తిరగేసి 100 సీసాలోంచి ఎర్ర సిరంజితో 20 గీత గుంజితే 50 యూనిట్లు వెళ్తుంది, అది ప్రాణం మీదికి వస్తుంది. సీసా లేబుల్ మీద అంకె, సిరంజి మీద అంకె ఒకటే ఉండాలి. అమ్మగారిని రెండూ పక్కపక్కన పెట్టి ఫోటో పంపమనండి.

పర్కాల_బిడ్డ
ఫోటో వచ్చింది. సీస 40, సిరంజి ఎర్ర టోపీ, సరిపోయింది. కాని అమ్మ ఇంకో మాట చెప్పింది. అంతకుముందు రెండు నెలలు ఊరి దగ్గరి ఒక దుకాణంల ఎర్రయి లేవని నారింజ టోపీలు ఇచ్చిండట, 'రెండూ ఒకటే' అన్నడట. మూడు వారాల కింద అన్న హన్మకొండకెల్లి ఎర్రయి తెచ్చిండు.

మందుల_కౌంటర్
అసలు సంగతి ఇదే అయి ఉంటుంది. లెక్క చూడండి. ఆ రెండు నెలలు 12 గీత గుంజితే వెళ్లింది 4.8 యూనిట్లు, రాత్రి 6 గీతకు 2.4. అందుకే షుగర్ పెరిగి 9.4 చూపించింది. డాక్టర్ దృష్టిలో 12 సరిపోవడం లేదు కాబట్టి 18 చేశారు. అప్పటికీ నారింజ సిరంజే కాబట్టి వెళ్లింది 7.2. ఎర్రది రాగానే నిజమైన 18 వెళ్లడం మొదలైంది. ఒక్క రాత్రిలో మందు రెండున్నర రెట్లు అయింది. షుగర్ పడడం మొదలైంది కూడా సరిగ్గా మూడు వారాల కిందే.

డాక్టర్‌కు ఈ విషయం తెలియదు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏ సిరంజి, ఎన్ని గీతలు అన్నది కాగితం మీద రాసి చూపించండి. ఇంట్లో మిగిలిన నారింజవి ఒక్కటి కూడా ఉంచకండి.

గోలీసోడా
పాపం బాపు. తప్పు సిరంజిది, మాన్పియ్యబోయింది పొలం.

పర్కాల_బిడ్డ
ఇది చదివి చేతులు వణికినయ్. ఇప్పుడే డాక్టర్‌కు ఫోన్ చేస్తున్న.

నడక_వడ్డేపల్లి
డాక్టర్ డోసు మార్చినా సరే, బాపు జేబులో ఎప్పుడూ ఉండాల్సింది ఒకటి చెప్తాను. గ్లూకోజ్ పొడి కిరాణా కొట్టు కాటా మీద 15 గ్రాముల చొప్పున తూచి, చిన్న జిప్ కవర్లలో వేయండి. మూడు కవర్లు అంగీ జేబులో, రెండు మోటరు డబ్బా దగ్గర. వానాకాలం గాలికి గడ్డకడుతుంది, పదిహేను రోజులకోసారి మార్చండి.

వణుకు రాగానే పార కింద పెట్టి కూర్చోవాలి. ఒక కవరు అర గ్లాసు నీళ్లలో కలిపి తాగాలి, నీళ్లు లేకపోతే నోట్లో వేసుకొని చప్పరించాలి. 15 నిమిషాలు ఆగి మిషన్‌లో చూడాలి. ఇంకా 70 కిందే ఉంటే ఇంకో కవరు. 70 దాటాక, బువ్వకు ఇంకా గంట కన్నా ఎక్కువ ఉంటే ఒక రొట్టె ముక్కో నాలుగు బిస్కెట్లో తినాలి. మిషన్ దగ్గర లేకపోతే ముందు తాగడమే, చూడడం తర్వాత. చాక్లెట్, పాలు వద్దు. వాటిలో కొవ్వు ఉంటుంది, చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది.

ఆ టైంలో బావి గడ్డకు, మోటరు స్టార్టర్ దగ్గరికి వెళ్లకూడదు. షుగర్ సరైన తర్వాత కూడా ముప్పావు గంట బండి, ట్రాక్టర్ ముట్టకూడదు.

సూది_అక్క
సోయి తప్పితే నోట్ల ఏం పొయ్యొద్దు, గొంతుల అడ్డం పడి ఊపిరి ఆగుతది. పక్కకు పండవెట్టి 108 చెయ్యాలె. ఈ ముక్క పక్క చెల్కాయనకు, కైకిలి వచ్చేటోళ్లకు గూడ చెప్పండ్రి. నలుగురికి తెలిసి ఉంటే బాపు ఒక్కడే ఉన్నట్టు కాదు.

మందుల_కౌంటర్
చదివేవాళ్లందరికీ ఒక మాట. గోలీల చీటీలో వోగ్లిబోస్ గానీ అకార్బోస్ గానీ ఉంటే, షుగర్ పడ్డప్పుడు మామూలు చక్కెర, బెల్లం తొందరగా పనిచేయవు. ఆ గోలీ పేగులో చక్కెరను విరగనివ్వదు. గ్లూకోజ్ పొడే వాడాలి. అన్నిటికీ గ్లూకోజే పెట్టుకుంటే ఈ తికమక ఉండదు.

బీపీ కోసం మెటోప్రోలోల్, అటెనోలోల్ లాంటివి వాడేవాళ్లకు వణుకు, గుండె దడ సరిగా తెలియవు. చెమట మాత్రం పడుతుంది. ఉత్తగా చెమట పట్టిందంటే చూసుకోవాలి.

కేసముద్రం_సతీష్
ఊకెనే కోపానికొస్తే గూడ చూసుకోవాలె. షుగర్ పడ్డ మనిషి ఇంట్ల ఉన్నోళ్ల మీద కస్సుమంటడు, మనం 'ఏందీ లొల్లి' అని ఎదురు మాట్లాడుతం. ముందు మిషిన్, తర్వాత మాట.

మిషిన్ల చూసేముందు చేతులు నీళ్లతోని కడిగి తుడుచుకోవాలె. మామిడిపండు, బెల్లం అంటిన వేలుతోని చూస్తే లేని షుగర్ చూపెడ్తది. వేలి కొసకు కాదు, పక్కకు గుచ్చాలె. నొప్పి తక్కువ, పార పట్టుకుంటే తాకది. మిషిన్ల పెట్టే పట్టీల డబ్బా మూత వెంటనే పెట్టాలె, బండి డిక్కీల ఎండకు ఇడవొద్దు, పట్టీలు ఖరాబైతయ్.

మడమ_భద్రం
కాళ్ల గురించి ఎవ్వరూ రాయలేదు. బురదలో దిగే మనిషికి అసలు పరీక్ష అక్కడే.

ముందు స్పర్శ ఉందో లేదో ఇంట్లోనే చూడండి. బాపును కళ్లు మూసుకోమనండి. మీ చూపుడు వేలి కొసతో ఆయన బొటనవేలు, నడిమి వేలు, చిటికెన వేలు కొసలను తాకీతాకనట్టు ఒకటి రెండు సెకన్లు ముట్టండి. రెండు కాళ్లూ కలిపి ఆరు చోట్లు. ఒత్తొద్దు, గీకొద్దు. ఎప్పుడు తెలిస్తే అప్పుడు ఏ కాలో చెప్పమనండి. ఆరింటిలో రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ తెలియకపోతే కాలికి గండం ఉన్నట్టే, దవాఖానలో చూపించాలి.

స్పర్శ బాగుంటే బురదలో పని చేయొచ్చు, కానీ బయటికి రాగానే కడుక్కొని వేళ్ల సందులు పొడి గుడ్డతో తుడవాలి. కాళ్లు పాసేది అక్కడే. అక్కడ తెల్లగా మెత్తబడితే ఫంగస్ మొదలైనట్టు. కొబ్బరినూనె మడమకు రాయండి, వేళ్ల సందుల్లో మాత్రం వద్దు. స్పర్శ తగ్గితే నాటు బురదలో దిగే పని వేరేవాళ్లకు ఇచ్చి, గడ్డ మీది పనులు ఆయన చేసుకోవాలి, గమ్‌బూట్లతో. గమ్‌బూట్లు తొడిగే ముందు దులపాలి. తేలు కోసమే కాదు, లోపల చిన్న రాయి ఉన్నా తెలియని కాలు దినమంతా దాని మీదే నడుస్తుంది.

చెప్పులు ఎంసీఆర్ (మెత్తటి రబ్బరు) అట్టవి, వెనక పట్టీ ఉన్నవి. బొటనవేలి సందులో పట్టీ ఉండే రకం వద్దు, ఆ సందు ఒరిసిపోతుంది, చెప్పు జారినా తెలియదు. సాయంత్రం పూట కొనండి, అప్పటికి కాలు కొంచెం ఉబ్బి ఉంటుంది. ఆనెకాయలు బ్లేడుతో కోయొద్దు. తిమ్మిరని వేడినీళ్లలో కాళ్లు పెట్టొద్దు, బొబ్బలు వచ్చాకే తెలుస్తుంది.

ములుగు_దారి
మేడారం జాతరకు ఒట్టికాళ్లతో నడిచేటోళ్లకు గూడ ఇదే వర్తిస్తదా?

మడమ_భద్రం
స్పర్శ తగ్గినవాళ్లు ఒట్టికాళ్లతో నడవకూడదు. మెత్తటి చెప్పులతో నడిచి, గద్దెల దగ్గర విడిచి, దర్శనం కాగానే మళ్లీ తొడుక్కోవచ్చు. జంపన్నవాగులో స్నానం తర్వాత వేళ్ల సందులు తుడుచుకోవాలి. రాత్రి పడుకునేముందు అరికాలు చిన్న అద్దంలో చూసుకోవాలి. నిలువెత్తు బంగారం ఇచ్చాక పంచే బెల్లం వేలి కొసంత చాలు.

జొన్నరొట్టె_జిందాబాద్
అన్నం పూర్తిగా మాన్పించి జొన్నరొట్టె పెట్టండి, సగం రోగం పోతుంది.

సోనా_బువ్వ
ఈ మాటతో అందరూ మోసపోతున్నరు. 100 గ్రాముల బియ్యంల పిండిపదార్థం 78 గ్రాములుంటే, జొన్నపిండిల 67, 68 ఉంటది. పీచు జొన్నల ఎక్కువ, అందుకే షుగర్ మెల్లగ ఎక్కుతది, అది నిజమే. కాని 'జొన్నల షుగర్ ఉండది' అనుకొని నాలుగు రొట్టెలు తింటే? 40 గ్రాముల పిండి రొట్టె రెండు తిన్నా, 70 గ్రాముల బియ్యం వండుకొని తిన్నా లెక్క ఒక్కటే, 54 దగ్గర. బియ్యం మనకు అలవాటున్న తిండి. ఎంత అన్నది చూస్కోవాలె.

బియ్యమే కావాలంటే తెలంగాణ సోనా చూడండ్రి. ఆర్‌ఎన్‌ఆర్ 15048, జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇచ్చిన రకం. దాని గ్లైసెమిక్ ఇండెక్స్, అంటే తిన్నది ఎంత జోరుగ షుగర్ లేపుతదో చెప్పే అంకె, 51, 52 చెప్తరు. 55 లోపల ఉంటే తక్కువ లెక్క. అట్లని గిన్నె నిండ పెట్టుకుంటే ఏ రకమైనా ఒకటే.

జొన్నరొట్టె_జిందాబాద్
రొట్టె గట్టిగా ఉంటది, నమిలి తింటం, రెండుతోనే కడుపు నిండుతది. అన్నం మూడుసార్లు వడ్డించుకుంటం. తినే తీరు కూడా లెక్కలోకి తీసుకోవాలి కదా.

సోనా_బువ్వ
ఆ మాట ఒప్పుకుంట. ముందు కూర, పప్పు తిని ఆఖరుకు అన్నం తింటే గూడ షుగర్ అంత జోరుగ లేవది. పుంటికూర పప్పో, గుడ్డో ముందు సగం కడుపుకు, తర్వాత బువ్వ.

పర్కాల_బిడ్డ
ఆరింటికి ఏం పెట్టమంటరు? పొద్దుగాల్నే అన్నం దిగది ఆయనకు. మక్క గట్క ఇష్టం.

సూది_అక్క
గట్క మంచిదే, మజ్జిగ పోసుకొని. పలుచని అంబలి ఒక్కటి తాగి పోతే చాలది, గంటల దిగిపోతది. గట్క ఒక గంటె నిండ, ఒక ఉడకబెట్టిన గుడ్డు, గుప్పెడు పల్లీలు. పొద్దుగాల రెండు మూడు గంటల పనికి ఇది నిలుస్తది. రొట్టె అయితే ఒకటిన్నర, పప్పుతోని. ఏది పెట్టినా దినం ఇంచుమించు అంతే పెట్టాలె. సూది ఒక్క తీరు, బువ్వ ఒకనాడు గిన్నెడు, ఒకనాడు గుక్కెడు అయితే ఏ డోసూ కుదరది.

పోయేముందు 100 కింద ఉంటే ఇంకో రొట్టె గానీ అరటిపండు గానీ తిని పోవాలె.

ఈతవనం
కల్లు సంగతి అడుగుడు మరిచిన్రు. ఊర్ల సాయంత్రం కల్లు తాగకుండ ఉంటడా?

పర్కాల_బిడ్డ
ఆదివారం ఒక సీస తాగుతడు. దాచేదేం లేదు.

మందుల_కౌంటర్
సూది వేసుకునేవాళ్లకు కల్లైనా, ఇంకే మద్యమైనా లివర్‌ను షుగర్ విడుదల చేయకుండా ఆపుతుంది. ఆ దెబ్బ తాగినప్పుడు తెలియదు, కొన్ని గంటల తర్వాత, నిద్రలో తెలుస్తుంది. ఇంకో ప్రమాదం, షుగర్ పడ్డవాడి నడక, మాట తాగినవాడిలాగే ఉంటాయి. వాసన వస్తే 'తాగిండు, పండనియ్యి' అని వదిలేస్తారు. మానేస్తే అన్నిటికన్నా మంచిది. మానకపోతే ఖాళీ కడుపున అసలే వద్దు, బువ్వ తిన్నాకే, పడుకునేముందు మిషన్‌లో చూడాలి.

నడక_వడ్డేపల్లి
దీనికే ఇంకోటి కలపాలి. ఒరాలు చెక్కడం, బస్తాలు మోయడం లాంటి పెద్ద పని చేసిన రోజు రాత్రి కూడా షుగర్ పడుతుంది. కండలు ఖర్చుచేసిన నిల్వను మళ్లీ నింపుకుంటాయి, ఇరవై నాలుగు గంటల దాకా అది సాగుతుంది. నాట్ల రోజుల్లో ఒకటి రెండు సార్లు రాత్రి రెండు, మూడు గంటలకు లేపి చూడండి. పక్కబట్టలు చెమటతో తడవడం, పొద్దున తలనొప్పితో లేవడం కూడా గుర్తులే.

సద్దుల_బతుకమ్మ
నడుమ దూరుతున్న, ఏమనుకోకుండ్రి. మా అమ్మకు 58, హన్మకొండనే. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ గోలీలు. మోకాళ్ల నొప్పులని నడక బంద్ పెట్టింది. బతుకమ్మ మాత్రం తొమ్మిది దినాలు ఆడాలంటది.

నడక_వడ్డేపల్లి
ఆడనివ్వండి, అంతకన్నా మంచి కసరత్తు లేదు. వంగి లేచి చప్పట్లు కొడుతూ గంట తిరగడం మోకాళ్లకు భారమైతే, వంగడం తగ్గించి నిలబడి ఆడమనండి, అరగంటకోసారి కూర్చోమనండి. గ్లిమెపిరైడ్ కూడా షుగర్ పడేసే గోలీనే. దాన్ని వేసుకొని తినకుండా గుడికాడికి వెళ్లొద్దు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఆ భయం చాలా తక్కువ. ఆట తర్వాత సత్తుపిండి, మలీద ఒక్కొక్కటి చెంచాడు చాలు.

మిగతా రోజుల్లో వడ్డేపల్లి, భద్రకాళి చెరువు కట్టల దాకా వెళ్లకపోయినా ఫర్వాలేదు. ప్రతి పూట తిన్నాక పది నిమిషాలు ఇంటి ముందే నడవాలి, రాత్రి బువ్వ తర్వాత తప్పకుండా. తిన్న తర్వాతి నడక షుగర్ లేవకుండా పట్టుకుంటుంది. మోకాలికి బలం కావాలంటే కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, వారానికి మూడు రోజులు. మొదట ఐదుసార్లతో మొదలుపెట్టినా చాలు.

సద్దుల_బతుకమ్మ
కుర్చీ ఉపాయం అమ్మకు నచ్చింది. టీవీ ముంగట్నే చేస్తనంటున్నది.

మందుల_కౌంటర్
చాలా ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు ఇద్దరికీ ఒక మాట. అది ఒంట్లో విటమిన్ బీ12ను తగ్గిస్తుంది. అరికాళ్ల తిమ్మిర్లన్నీ షుగర్ వల్లే అనుకోకుండా ఒకసారి బీ12 చూపించండి. లోటు ఉంటే తీర్చుకోవచ్చు.

ములుగు_దారి
ఎండకాలంల కరెంటు పోతే సూదిమందు ఎట్ల కాపాడుకోవాలె? మాకాడ 43, 44 డిగ్రీలు.

మందుల_కౌంటర్
తెరవని సీసాలు ఫ్రిజ్‌లో, మధ్య అరలో. మంచుపెట్టెకు ఆనించొద్దు, గడ్డకట్టిన మందు కరిగినా పారేయాల్సిందే. వాడుతున్న సీసా 30 డిగ్రీల లోపు ఉంటే నాలుగు వారాలు బాగుంటుంది. సీసాలో 400 యూనిట్లుంటాయి. రోజుకు 28 అయితే రెండు వారాలకే అయిపోతుంది, కాబట్టి ఆ చింత లేదు.

ఫ్రిజ్ లేకపోతే కుండలో కుండ. పెద్ద కుండ అడుగున ఇసుక, దాంట్లో చిన్న కుండ, నడుమ సందు నిండా తడి ఇసుక. చిన్న కుండలో మూత గట్టిగా ఉన్న డబ్బాలో సీసా, పైన తడిగుడ్డ. గాలి ఆడే నీడలో పెట్టి రోజుకు రెండుసార్లు ఇసుక తడపాలి. పూత వేయని మట్టికుండే కావాలి, నీరు బయటికి ఊరి ఆరిపోతేనే చల్లబడుతుంది. వానాకాలంలో గాలి తేమగా ఉంటుంది కాబట్టి అంతగా చల్లబడదు, అప్పుడు అంత అవసరమూ ఉండదు. దొర్లించినా గడ్డలు పోకపోయినా, సీసా గోడకు తెల్లగా అంటుకున్నా ఆ సీసా వాడొద్దు.

కాజీపేట_పెద్దన్న
కుండ ఉపాయం బాగున్నది. మా చిన్నప్పుడు కూరలు గట్లనే పెట్టేది.

పర్కాల_బిడ్డ
పది దినాలయింది, రాస్తున్న. డాక్టర్ సిరంజిల కాగితం చూసి పొద్దటిది 12, రాత్రిది 6 చేసిండు. సూది అయిదున్నర, గట్క ఆరు, బాయికాడికి ఆరున్నర. పరిగడుపున 124, 131, 118. బాయికాడ ఎనిమిదిన్నరకు 96, 108, ఒక్కనాడు 82. పగటి బువ్వ తిన్న రెండు గంటలకు 168. కాళ్ల పరీక్ష చేసిన, ఆరుకు ఆరు చెప్పిండు. చిటికెన వేలు ముట్టంగనే నవ్వు, చక్కిలిగింతలట.

కండ్ల పరీక్ష రెండేండ్లు చేయించలే. ఇంకేం చేయించాలె?

సూది_అక్క
అంకెలు సల్లగున్నయ్. 82 నాడు ఏం తిన్నడో యాది చేసి రాసిపెట్టు.

కండ్లల్ల చుక్కలేసి చూసే పరీక్ష ఏడాదికోసారి. ఆ దినం నాలుగైదు గంటలు చూపు మసకగ ఉంటది, బండి నడపొద్దు, ఎవరన్న తోడు పోవాలె. వరంగల్ల ఎంజీఎం సర్కారు దవాఖాన పరిధిల కంటి దవాఖాన ఉన్నది, ఆడ చూపియ్యొచ్చు. కిడ్నీకి మూత్రంల అల్బుమిన్, రక్తంల క్రియాటినిన్, ఏడాదికోసారి. హెచ్‌బీఏ1సీ ఇప్పుడు చేస్తే పాత నారింజ సిరంజి లెక్క గూడ దాంట్ల కలిసి వస్తది, మూడు నెలలు ఆగి చేయించండ్రి. పండ్లు కదిలినా, చిగుళ్ల నెత్తురొచ్చినా అది గూడ చూపియ్యాలె.

జ్వరమొచ్చి బువ్వ పోకపోయినా సూది పూర్తిగ ఆపొద్దు. నాలుగు గంటలకోసారి చూసి డాక్టర్‌ను అడుగుండ్రి. వాంతులైతే ఆ దినం మెట్‌ఫార్మిన్ వేసుకోవాల్నా వద్దా అన్నది గూడ అడుగుండ్రి.

పర్కాల_బిడ్డ
శనివారం భజన ఎనిమిదిన్నర నుంచి పదకొండు దాకా. రాత్రి సూది ఎప్పుడు?

సూది_అక్క
ఏడుకు సూది, ఏడున్నరకు బువ్వ. భజనకాడ జేబుల కవర్లు ఉండాలె. డోలక్ రెండున్నర గంటలు కొట్టుడంటే చేతులకు, భుజాలకు మంచి పనే. ఇంటికొచ్చి పండుకునేముందు చూసి, 100 కింద ఉంటే ఒక రొట్టె ముక్కో గ్లాసెడు పాలో. అది పండేముందు ఆధారానికి, షుగర్ పడ్డప్పుడైతే గ్లూకోజే. ప్రసాదం పులిహోర అయితే ఒక పిడికెడు.

గోలీసోడా
తాళం తప్పితే షుగర్ పడ్డట్టని భజన జట్టుకు చెప్పి పెట్టు చెల్లె. మిషిన్ కన్నా ముందు వాళ్లకే తెలుస్తది.

పర్కాల_బిడ్డ
చెప్పిన. తాళం తప్పలేదు. నిన్న పదకొండింటికి 134, మంగళహారతి దాకా ఆయనే కొట్టిండు.

అన్న కౌలు మాట ఎత్తుతలేడు. ఎర్ర టోపీల డబ్బా రెండు నెలలకు సరిపడ తెచ్చి, మూత మీద మార్కర్‌తోని పెద్దగ 40 అని రాసి, ఫ్రిజ్ మీద పెట్టిపోయిండు.